ఇంటిపేరు, గీత, పేరు

విడపనకల్లులో మా అత్తగారింటి వెనక గదిలో కూర్చుని ఆఫీసు పని మొదలుపెట్టిన రోజు, తెర మీద కుడివైపు మూలన గడియారం పక్కన రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ వెలిగింది. అంటే బెంగళూరులోని మా ఆఫీసుకూ నాకూ మధ్య దారి పడినట్టు. ఫోను తీగ గుండా ఇంకెవరికీ కనబడకుండా ఆఫీసు లోపలికి తీసుకుపోయే ఆ చాటుదారిని వీపీఎన్ అంటారు. అది కలిస్తే చాలు, నువ్వు ఏ ఊళ్ళో ఉన్నా ఆఫీసులో నీ కుర్చీలో ఉన్నట్టే అని చెప్పి పంపారు. దేవుడికి ఒక దండం పెట్టుకుని జెడ్ డ్రైవు మీద నొక్కాను. ఆ బొమ్మ మీద ఎర్ర రంగు ఇంటూ గుర్తు ఉంది. కంప్యూటరు కాసేపు ఆలోచించుకుని, దారి కనబడలేదు అని ఇంగ్లీషులో ఒక ముక్క పడేసింది. మూలనున్న బొమ్మేమో దారి ఉందంటుంది, మధ్యలో వచ్చిన ముక్కేమో లేదంటుంది. ఇద్దరూ కాపురం ఉండేది ఒకే డబ్బాలో. నాకు ఒళ్ళు మండింది. అసలే నా కోపం ముక్కు మీద ఉంటుంది.

జెడ్ డ్రైవు సంగతి కొంచెం చెప్పాలి. మా ఆఫీసులో ఎవరి డ్రాయింగులు వాళ్ళ కంప్యూటర్లో ఉండవు. అందరివీ కలిపి సర్వర్ అనే పెద్ద కంప్యూటర్లో ఉంటాయి. అందులో మాకు కేటాయించిన అర మా అందరి తెరల మీదా జెడ్ అనే అక్షరంతో కనబడుతుంది. ఒకరు కొలతలు పెడితే ఇంకొకరు గీస్తారు, మరొకరు సరిచూస్తారు. ఆ అర తెరుచుకోకపోతే డ్రాఫ్ట్స్‌మన్‌కు పని లేనట్టే. ఆడదాన్నయినా నా ఉద్యోగం పేరు అదే.

నేను గీసేవి తాగునీటి పైపులైన్లు. గుట్ట మీద ట్యాంకు, అక్కడి నుంచి ఊరికి పెద్ద పైపు, వీధుల్లోకి చిన్న పైపులు, ఎక్కడ వాల్వు, ఎక్కడ కొళాయి. నేను పుట్టి పెరిగింది ముదిగుబ్బ. బిందెలు వరసలో పెట్టి, ట్యాంకరు వచ్చేదాకా బడికి పోకుండా కాపలా కూర్చున్నదాన్ని. అనంతపురంలో పాలిటెక్నిక్ చదివి బెంగళూరులో ఈ పనిలో చేరాక, నేను గీసిన నీలం గీతలో ఎప్పుడో ఒకనాడు నీళ్ళు పోతాయి కదా అనే ఊహ నన్ను పట్టుకుంది. అన్నింట్లోనూ పోవని తరవాత తెలిసిందనుకోండి. కాగితం మీదే ఎండిపోయిన లైన్లు కూడా ఉన్నాయి. అయినా ఆ పనంటే నాకు ప్రాణం.

పెళ్ళయింది రెండువేల సంవత్సరం దాటిన ఆరేడేళ్ళకు. మా ఆయనకు విడపనకల్లులో బోరు మోటార్ల వైండింగు షాపు ఉంది. చుట్టుపక్కల బోర్లు ఎండేకొద్దీ మోటార్లు కాలతాయి, మోటార్లు కాలేకొద్దీ ఆయనకు పని. ఊరి కష్టం మీద బతుకుతున్నానే అని ఆయనే అప్పుడప్పుడు బాధపడేవాడు. ఆ షాపును బెంగళూరుకు ఎత్తుకుపోలేం. నా ఉద్యోగాన్ని ఇక్కడికి తెచ్చుకోగలమా అన్నది పెళ్ళిచూపుల నాడే వచ్చిన మాట. మానెయ్యమని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. బళ్ళారిలో కంప్యూటరు అసెంబుల్ చేయించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

మా మేనేజరు మాత్రం మొదట ససేమిరా అన్నాడు. చివరికి ఒక్క వారం చూస్తానన్నాడు. శనివారం సాయంత్రంలోగా ఒక ఊరి డ్రాయింగు పూర్తిచేసి జెడ్‌లో పెడితే ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. పెట్టలేకపోతే నా కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారు. ఖరాకండీగా చెప్పాడు. ఆయన్ను తప్పుపట్టను. అప్పటికి మా ఆఫీసులో ఇంట్లో కూర్చుని పనిచేసినవాళ్ళు ఎవరూ లేరు.

అందుకే ఆ ఎర్ర గుర్తు చూసి నాకు చెమటలు పట్టాయి. ఇలాంటివి చూసే సిస్టం ఆయనకు ఫోను చెయ్యాలి. ఇంట్లో ఫోను ఎత్తితే నెట్ తెగిపోతుంది. మా ఆయన నాకు వదిలిపెట్టి వెళ్ళిన సెల్లుకు సిగ్నల్ అందేది మిద్దె మీద, అదీ పిట్టగోడకు ఆనుకుని నిలబడితేనే. కాబట్టి మాట పైన, పని కింద. పైకెక్కి సిస్టం ఆయన చెప్పింది విని, మరిచిపోకముందే దిగి కొట్టి చూసి, కుదరకపోతే మళ్ళీ ఎక్కడం.

సిస్టం ఆయనది గుమ్మఘట్ట వైపు. సగం తెలుగు, సగం కన్నడం. కంప్యూటరు మాటలన్నింటికీ ఇంటి మాటలు తగిలించి చెప్పడం ఆయన పద్ధతి. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మాలాంటివాళ్ళకు అది ఎంత హాయో చెప్పలేను.

“అన్నా, దారి కనబడలేదంటాండాది,” అన్నాను.

“పేరు పెట్టి పిలిస్తే పలకదు పాపా. మన సర్వర్ పేరు మీ ఊరి మిషన్‌కి ఏం తెలుసు? నంబరు చెప్తా, దాంతో పిలువు.”

నంబరు అరచేతిలో రాసుకుని దిగి కొట్టాను. ఈసారి పలికింది. నీ పేరేమిటి, పాస్‌వర్డ్ ఏమిటి అని అడిగింది. ఆఫీసులో రోజూ కొట్టే పేరే కొట్టాను. ఒప్పుకోలేదు. మళ్ళీ మిద్దె ఎక్కాను.

“వట్టి పేరు కొడ్తివా?” అన్నాడాయన. “ఇంటిపేరు ల్యాకుండా కొడితే యాడ ఒప్పుకుంటాది? ముందర ఇంటిపేరు కొట్టు. అదయినాక ఎడమ పక్కకి వాలిన గీత ఉంటాది చూడు, అది కొట్టు. దాని ఎనక నీ పేరు. ఇంటిపేరు, గీత, పేరు. అంతే. పో.”

ఇంటిపేరు, గీత, పేరు అని జపం చేసుకుంటూ మెట్లు దిగుతుంటే మా అత్త ఎదురైంది. వసారాలో చెనిక్కాయలు ఒలుస్తోంది.

“ఏం పాపా, మిద్దె మీద ఏమన్నా ఎండబోసినావా? ఊరికే ఎక్కుతాండావు, దిగుతాండావు,” అంది.

“ఆఫీసు తలుపు తెరుచుకోల్యా అత్తా. ఇంటిపేరు చెప్పాలంట.”

“అడగరా మరి! ఏ ఇంటోళ్ళో తెలీకుండా ఎవురు రానిస్తారు?” అంటూ చేట పట్టుకుని నా వెనకే గదిలోకి వచ్చింది.

నాకూ ఆ మాట న్యాయంగానే తోచింది. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. బళ్ళో హాజరు పిలిచినప్పటి నుంచీ మన పద్ధతి అదే. తీరా కీబోర్డు మీద వేళ్ళు పెట్టాక చిక్కు వచ్చిపడింది. ఏ ఇంటిపేరు? పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. రేషన్ కార్డులో మారింది, ఆఫీసు కాగితాల్లో మారలేదు. ఎవరైనా ఎవరి ఇంటి పిల్లవమ్మా అని అడిగితే, నోటికి ఒకటి వస్తుంది, దాన్ని మింగి ఇంకొకటి చెప్పాలి. అంతవరకూ దాన్ని గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. ఇప్పుడు కంప్యూటరు ఒక్కసారిగా తెర మీద పెట్టె తెరిచి, చెప్పు నువ్వెవరింటిదానివి అని నిలదీసినట్టయింది.

అత్త వెనకే నిలబడి ఉంది. ఆమెకు ఇంగ్లీషు అక్షరం రాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా మెట్టినింటి పేరే ముందు కొట్టాను. ఒప్పుకోలేదు. స్పెల్లింగు తప్పేమో అనుకున్నాను. మా షాపు బోర్డు మీద ఒక రకంగా ఉంటుంది, పెళ్ళికార్డులో ఇంకో రకంగా అచ్చయింది. రెండు రకాలూ కొట్టాను. ఊహూ. అత్త చెనిక్కాయల చేట పట్టుకుని బయటికి వెళ్ళాక, గబగబా పుట్టింటి పేరు కొట్టాను. నిజం చెప్తున్నా, దొంగతనం చేస్తున్నట్టే గుండె కొట్టుకుంది. అదీ కాదంది. పెద్దక్షరాలతో ఒకసారి, చిన్నక్షరాలతో ఒకసారి, రెండు ఇళ్ళ పేర్లనూ మార్చిమార్చి కొడుతూ కూర్చున్నాను. కాసేపటికి అసలు పేరు అడగడం కూడా మానేసింది.

అంతలో పిట్టగోడ మీద పెట్టి వచ్చిన సెల్లు మోగింది. పరుగెత్తాను.

“పాపా, నువ్వు మిషన్ ముట్టుకోవద్దు,” అన్నాడు సిస్టం ఆయన. గొంతులో కంగారు. “ఎవుడో నీ పేరుతో మన సర్వర్‌లోకి దూరేదానికి చూస్తాండాడు. ఏందేందో పేర్లు పెట్టి కొడ్తాండాడు. నీ ఖాతాకి తాళం ఏసినా. మేనేజరుకు గూడా చెప్పినా.”

“ఎవుడన్నా వాడు?” అన్నాను నేను. నాకూ భయం వేసింది. దొంగ నేనేనన్న ఆలోచన చస్తే రాలేదు.

వెంటనే మేనేజరు ఫోను చేశాడు. ఇంటి నుంచి పని అంటే ఇలాంటివి వస్తాయనే తను వద్దన్నది, ప్రస్తుతానికి ఆపెయ్, రేపు ఆలోచించి చెప్తాను అన్నాడు. ఆలోచించి ఏం చెప్తాడో ఆ గొంతులోనే వినిపించింది. వారం మొదటి రోజే నా వారం అయిపోయింది. ఎండ చుర్రుమంటున్నా పిట్టగోడ నీడలో చతికిలబడి ఏడ్చాను. కనుచూపు మేరా చెనిక్కాయ చేలు, వానకోసం ఎదురుచూస్తూ వాడిపోయి ఉన్నాయి. బెంగళూరుకు తిరిగి పోదామా అంటే కొత్త కాపురం. ఇక్కడే ఉందామా అంటే గీత గియ్యకుండా నేనేం చేస్తాను? నా చేతికి ఇంకో పని రాదు, రావాలని కూడా లేదు.

మర్నాడు పొద్దున ఉండబట్టలేక సిస్టం ఆయనకే చేశాను. దొంగ దొరికాడా అని అడిగాను.

“యాడ దొరుకుతాడమ్మా. వాడు కొట్టిన పేర్లు మాత్రం అన్నీ ఈడ పడిండాయి. వినేకి తెలుగు మాటల మాదిరే ఉండాయి. చదువుతా ఉండు,” అన్నాడు.

ఆయన చదివిన మొదటి పేరు మా షాపు బోర్డు మీదిది. రెండోది పెళ్ళికార్డులోది. మూడోది మా నాయనది. పరాయి మనిషి నోట, ఇంగ్లీషు స్పెల్లింగు కూడబలుక్కుంటూ చదువుతుంటే, నా రెండు ఇళ్ళూ దొంగల జాబితాలో నిలబడినట్టనిపించింది.

“పాపా, ఉండావా?”

“అన్నా,” అన్నాను చివరికి. “అవి మా ఇంటిపేర్లే. నువ్వే కదా కొట్టమంటివి.”

అవతల ఆయన నవ్వు మొదలుపెట్టాడు. ఫోను పక్కన పెట్టి మరీ నవ్వుతున్నట్టు దూరంగా వినబడింది. పక్కవాళ్ళకు కన్నడంలో చెప్తున్నాడు, వాళ్ళూ నవ్వుతున్నారు. నాకు మండిపోయింది.

“ఏమప్పా, నవ్వేదేముందీడ? ఇంటిపేరంటే ఇంటిపేరు కాదా?” అన్నాను.

“నీ ఇంటిపేరు ఎవురడిగినారు తల్లీ! ఆఫీసు ఇంటిపేరు! డొమైన్! ఈడ ప్రతి మిషన్‌కీ, ప్రతి మనిషికీ పేరు ముందర అదే ఉంటాది. నాకూ అదే, నీకూ అదే, మేనేజరుకూ అదే. ఈడి మిషన్లు మనింటివే కాబట్టి నిన్ను ఏ పొద్దూ అడగల్యా. నీ బళ్ళారి మిషన్ బయటిది కదా, అందుకని చెప్పల్ల.”

ఆఫీసు పేరులోని మూడు అక్షరాలు, గీత, నా పేరు. ఇంతే సంగతి. డొమైన్‌ను ఆయన ఏళ్ళ తరబడి అందరికీ ఇంటిపేరు అనే చెబుతున్నాడు. ఎవరూ తప్పుగా అర్థం చేసుకోలేదట, ఎందుకంటే ఎవరూ ఇంటి నుంచి కొట్టిన పాపాన పోలేదు. నా ఖాతాకు వేసిన తాళం అప్పటికప్పుడే తీసేశాడు.

దిగి వచ్చి ఆ మూడు అక్షరాలూ కొడుతుంటే నవ్వొచ్చింది, దాని వెంటే ఇంకేదో కూడా వచ్చింది. ఒక ఇంటిపేరు పుట్టుకతో వచ్చింది, ఒకటి తాళితో వచ్చింది. రెండింటికీ నన్నెవరూ ఏమీ అడగలేదు. ఈ మూడోది మాత్రం నేను చదువుకుని, నాలుగు ఇంటర్వ్యూల్లో తిరగ్గొట్టించుకుని, ఐదోదాంట్లో సంపాదించుకున్నది. రెండు ఇళ్ళ పేర్లకూ తెరుచుకోని తలుపు దానికి తెరుచుకుంది. దానికి గర్వపడాలో, పుట్టిల్లూ మెట్టినిల్లూ చెల్లని చోటొకటి ఉందని దిగులుపడాలో ఆ పూట తేల్చుకోలేకపోయాను. గర్వమే ఎక్కువనిపించింది. ఇప్పుడు అడిగినా అదే చెప్తాను.

ఎర్ర గుర్తు పోయింది. అరలో ఫోల్డర్లు ఒక్కొక్కటే నింపాదిగా కిందికి దిగాయి. అందరివాటి మధ్యా నా పేరుతో ఉన్నది కూడా ఉంది, ఇంకా ఎవరూ తీసెయ్యలేదు. దొంగ మనవాళ్ళేనని సిస్టం ఆయన మేనేజరుకు చెప్పాడు. మేనేజరు నవ్వాడో లేదో తెలియదు కానీ, శనివారం మాట మాత్రం సడలించలేదు.

అక్కడి నుంచి పని సాగింది అనడానికి లేదు. ఆఫీసులో కన్ను మూసి తెరిచేలోగా తెరుచుకునే డ్రాయింగు, ఇక్కడ నేను కూరగాయలు తరిగి వచ్చినా తెరుచుకునేది కాదు. జెడ్‌లో ఉంచి గీయొద్దు, నీ మిషన్‌లోకి దించుకుని గీసి, అయినాక ఎక్కించు అని సిస్టం ఆయన చెప్పాడు. దించుకోవడం సగంలో ఉండగా మొత్తం తెగిపోయింది. బయటికి వచ్చి చూద్దును కదా, అత్త ఫోను ఎత్తి గుమ్మఘట్టలో ఉన్న చెల్లెలితో తీరిగ్గా మాట్లాడుతోంది.

“ఫోను ఎత్తొద్దని చెప్పలేదా అత్తా!” అని అరిచేశాను.

ఆ ఇంట్లో నా గొంతు లేవడం అదే మొదటిసారి. ఆమె ఫోను పెట్టేసింది. ముఖం చిన్నబోయింది. నాకు సిగ్గేసింది కానీ కోపం ఇంకా దిగలేదు. అత్తే కాసేపటికి గదిలోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఏం చేస్తాండావో నాకూ చూపీ,” అంది.

చూపించాను. గుట్ట, ట్యాంకు, వీధులు, కొళాయిలు. ఇది ఇక్కడ లేదని, బెంగళూరులో ఒక డబ్బాలో ఉందని, ఈ తీగ గుండా నేను అక్కడికి వెళ్ళి తెచ్చుకుంటానని, ఫోను ఎత్తితే దారి మధ్యలో తెగిపోతానని చెప్పాను. ఆమె తెరనూ తీగనూ చాలాసేపు మార్చిమార్చి చూసింది.

“అంటే నువ్వు ఈ పొద్దంతా ఈడ ల్యావు. ఆడుండావు.”

“అవునత్తా. అట్లే అనుకో.”

“ఆ మాట ముందే చెప్పల్ల కదా. ఇంట్లోనే ఉండాదిలే అనుకోని ఉప్పుకూ పప్పుకూ పిలుస్తాంటి,” అని లేచి తలుపు దగ్గరికి వేసి పోయింది. అలిగి వేసిందో, మామూలుగా వేసిందో తలుపు చప్పుడును బట్టి చెప్పలేకపోయాను.

శనివారం మధ్యాహ్నానికి డ్రాయింగు పూర్తయింది. జెడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఎంత ఎక్కిందో చూపించే ఆకుపచ్చ పట్టీ నత్తనడక నడుస్తోంది. ఇంక నేను చేసేదేమీ లేదు, తెగకుండా ఉండాలని కోరుకోవడం తప్ప. బయట వసారాలో పక్కింటామె గొంతు వినబడింది. వాళ్ళ మరిదికి ఒక ఫోను చేసుకోవాలంది. అత్త లైను బాగలేదంది. అయితే కోడల్ని పిలువు, జాకెట్టు ఆది చూపించాలంది ఆమె.

“ల్యాదు,” అంది అత్త. “ఆఫీసుకు పోయిండాది.”

“ఆఫీసుకా? చెప్పులు ఈడనే ఉండాయి కదా.”

“ఆ ఆఫీసుకు చెప్పులేసుకోని పోరు. సాయంత్రం వస్తాది, అప్పుడు రా.”

పక్కింటామె ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. పట్టీ చివరిదాకా పోయి మాయమైంది. జెడ్‌లో నా ఫోల్డరు తెరిచి చూస్తే, ఆ ఊరు మొత్తం, కొళాయిలతో సహా, అక్కడుంది.

మిద్దె ఎక్కి మేనేజరుకు చెప్పాను. ఆయన లైనులోనే ఉండి, ఫైలు తెరిచి, పైనుంచి కిందిదాకా చూశాడు. బాగుంది, సోమవారం ఇంకో ఊరు పంపుతాను, అక్కడి నుంచే చెయ్యి అన్నాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు అక్కడి నుంచే చేశాను. కానీ ఆ సాయంత్రం నాకు అదేమీ తెలియదు. సెల్లు గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగాను.

అత్త కిందిమెట్టు పక్కన కూర్చుని గోధుమలు ఏరుతోంది. నన్ను తలెత్తి చూసి, చేట పక్కన పెట్టింది.

“వచ్చినావా?” అంది.

“వచ్చినా అత్తా,” అన్నాను.

కాళ్ళు కడుక్కోమని చెంబు నా వైపు జరిపింది.